మినియాపొలిస్ బతుకు బడులు

మనకు రిజర్వేషన్ అంటే కాలేజీలో సీటు, ఆఫీసులో ఉద్యోగం. అమెరికా ఆదివాసులకు ఆ మాటకు అర్థం వేరు. తెల్లవాళ్లు వచ్చి భూములన్నీ ఆక్రమించుకున్నాక వాళ్లకు మిగిలిన నేల ముక్కను రిజర్వేషన్ అంటారు. 1950ల్లో ఆ ముక్క మీద నుంచి కూడా వాళ్లను కదిలించే పని మొదలైంది. తెగలతో తనకున్న ప్రత్యేక సంబంధాన్ని తెంచుకోవాలని అక్కడి చట్టసభ 1953లో తీర్మానించింది. 1956లో ఒక చట్టం చేసి, పని నేర్పిస్తామని, ఉద్యోగం చూపిస్తామని చెప్పి షికాగో, డెన్వర్, లాస్ ఏంజెలిస్ లాంటి నగరాలకు యువకులను పంపించారు. ప్రభుత్వం పంపినవాళ్లు కొందరైతే, ఊళ్లో బతకలేక తమంత తాము వెళ్లినవాళ్లు మరెందరో.

మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరానికి అలా చేరినవాళ్లు ఒజిబ్వే, డకోటా తెగల వాళ్లు. ఫ్రాంక్లిన్ అవెన్యూ అనే వీధి చుట్టుపక్కల పాత అద్దె ఇళ్లలో కాపురాలు పెట్టారు. అడవి, చెరువు, బంధువులు దూరమయ్యారు. పని దొరికితే దొరికింది, లేకపోతే లేదు. సాయంత్రమైతే పోలీసు బండి వచ్చి ఆ వీధిలో దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించుకుపోయేది.

ఇక పిల్లల చదువు. బడి అంటే ఆ తల్లిదండ్రులకు అప్పటికే భయం. 1879లో కార్లైల్ అనే చోట మొదలైన హాస్టల్ బడుల పద్ధతి ఆదివాసీ పిల్లలను ఇంటి నుంచి వందల మైళ్ల దూరం తీసుకుపోయింది. జుట్టు కత్తిరించారు, పేరు మార్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. లీచ్ లేక్ రిజర్వేషన్‌లో పుట్టిన ఒజిబ్వే మనిషి డెన్నిస్ బ్యాంక్స్‌ను పైప్‌స్టోన్ బడికి తీసుకుపోయినప్పుడు అతనికి సుమారు అయిదేళ్లు. తిరిగి ఇంటికి వచ్చేసరికి తన వాళ్ల భాష అతనికి రాకుండా పోయింది. ఇలాంటి బడుల్లో పెరిగిన తరమే నగరంలో తల్లులు, తండ్రులు అయ్యింది.

నగరంలో వాళ్ల పిల్లలు వెళ్లింది మామూలు ప్రభుత్వ బడికి. అక్కడ టీచర్లలో తమవాళ్లు దాదాపు కనపడరు. చరిత్ర పుస్తకంలో తమ పూర్వీకులు అడవి మృగాల్లా ఉంటారు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారు. దాంతో పిల్లలు బడి మానేశారు. మానేస్తే ఊరుకోరు, కోర్టుకు లాగుతారు. బడికి పంపని తల్లిదండ్రులకు పిల్లలను పెంచడం చేతకాదని చెప్పి, పిల్లలను తీసుకెళ్లి తెల్లవాళ్ల ఇళ్లలోనో, బాల నేరస్థుల బడిలోనో పెడతారు. 1969లో, 1974లో చేసిన లెక్కల ప్రకారం అమెరికా మొత్తం మీద ఆదివాసీ పిల్లల్లో నూటికి 25 నుంచి 35 మంది కన్నవాళ్ల దగ్గర లేరు. ఈ అంకె దగ్గర ఒక నిమిషం ఆగాలి. ప్రతి నలుగురిలో ఒకరు!

1968 జూలైలో డెన్నిస్ బ్యాంక్స్, క్లైడ్ బెల్లెకోర్ట్, మరికొందరు కలిసి మినియాపొలిస్‌లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్‌ను మొదలుపెట్టారు. క్లైడ్ కూడా ఒజిబ్వే మనిషే, వైట్ ఎర్త్ రిజర్వేషన్ వాడు. ఇద్దరూ జైలు చూసినవాళ్లు. వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి రాత్రిపూట ఫ్రాంక్లిన్ అవెన్యూలో గస్తీ తిరగడం. పోలీసులు ఎవరిని పట్టుకుంటున్నారో, ఎలా పట్టుకుంటున్నారో పక్కన నిలబడి చూసేవారు. 1970లో పేదలకు వకీళ్లను అందించే లీగల్ రైట్స్ సెంటర్ వచ్చింది. 1971లో ఆదివాసుల కోసం సొంత ఆరోగ్య కేంద్రం వచ్చింది.

బడి ఆ తర్వాత వచ్చింది. ఈ వరుస ముఖ్యం. కోర్టులో పిల్లవాడి పక్కన నిలబడేవాళ్లకే అర్థమైంది, అతన్ని జడ్జి ముందు నుంచి విడిపిస్తే సరిపోదని, మర్నాడు పొద్దున్న అతను ఎక్కడికి వెళ్లాలో కూడా చూపించాలని. 1972 జనవరిలో మినియాపొలిస్‌లో హార్ట్ ఆఫ్ ది ఎర్త్ బడి తెరిచారు. అదే ఏడాది పక్క నగరం సెయింట్ పాల్‌లో రెడ్ స్కూల్ హౌస్ తెరిచారు. ఎడ్డీ బెంటన్ బనాయ్ అనే ఒజిబ్వే పెద్ద దాన్ని నడిపించాడు. ఈ బడులను వాళ్లు సర్వైవల్ స్కూల్స్ అన్నారు. మన మాటలో బతుకు బడులు.

అక్కడ లెక్కలు, చదవడం, రాయడం నేర్పారు. వాటితో పాటు ఒజిబ్వే, డకోటా భాషలు, డోలు, పాట, ప్రభుత్వం తెగలతో చేసుకుని తప్పిన ఒప్పందాలు కూడా పాఠాలే. డిగ్రీ ఉన్న టీచర్ల పక్కనే తల్లులు, అమ్మమ్మలు, పెద్దలు కూర్చున్నారు. వసంతంలో మేపుల్ చెట్ల రసం తీసి చక్కెర వండడానికి, చెరువుల్లో అడవి వరి దులపడానికి పిల్లలను తీసుకెళ్లారు. నగరంలో పుట్టిన పిల్లవాడికి తన నేల అలా తెలిసింది. 1973లో వూండెడ్ నీ దగ్గర 71 రోజుల ముట్టడి జరిగాక నాయకులు కోర్టుల చుట్టూ తిరిగారు. బడిని రోజూ తెరిచి ఉంచినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆదివాసీ కుటుంబాల కోసం లిటిల్ ఎర్త్ అనే 212 ఇళ్ల కాలనీ కూడా ఆ ఏడాదే మొదలైంది. 1978లో, ఆదివాసీ పిల్లలను పరాయి ఇళ్లకు ఇచ్చేయకుండా అడ్డుకునే జాతీయ చట్టం వచ్చింది.

ఈ కథను ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టే. హార్ట్ ఆఫ్ ది ఎర్త్ 36 ఏళ్లు నడిచి 2008లో మూతపడింది. దాన్ని మూయించింది తెల్లవాళ్లు కాదు, పోలీసులు కాదు. బడిని నడిపిన డైరెక్టరే పది లక్షల డాలర్లకు పైగా బడి డబ్బు తిన్నాడు. కోర్టులో నేరం రుజువైంది. తల్లిదండ్రులు కట్టుకున్న బడి లెక్కల పుస్తకం తల్లిదండ్రుల చేతిలో లేకుండా పోయినందుకు ఆ శిక్ష పిల్లలకు పడింది.

ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లకు ఈ చరిత్ర పరాయిది అనిపించదు. కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లవాడికి మొదటి రోజు తెలుగు టీచరు మాట ఎలా వినపడుతుందో మనకు తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బడిలో మనవాళ్లు ఉండాలా వద్దా అన్న తగువు మన దగ్గర కూడా తీరలేదు.

ఈ లోపు మన పిల్లలు హైదరాబాద్, విశాఖపట్నం చేరుతున్నారు. అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఉంటున్నారు. మన సంఘాలు వాళ్లను డిసెంబరు సభకు పిలుస్తాయి, డోలు కొట్టిస్తాయి, అన్నం పెట్టి పంపిస్తాయి. అది మంచిదే. కానీ అర్ధరాత్రి ఆ పిల్లవాణ్ణి స్టేషన్‌లో కూర్చోబెడితే ఎవరు వెళ్తారు? చదువు మానేసిన అమ్మాయి గది అద్దె ఎవరు అడిగి తెలుసుకుంటారు? సంఘం ఖాతాలో డబ్బు ఎంత ఉందో ఆ పిల్లల తల్లులకు ఎవరు చెబుతారు? ఫ్రాంక్లిన్ అవెన్యూ వాళ్లు మొదటి రెండు ప్రశ్నల దగ్గర మొదలుపెట్టి బడి కట్టారు. మూడో ప్రశ్న మర్చిపోయి దాన్ని పోగొట్టుకున్నారు.