డెబియన్ విడుదలకు ముహూర్తం ఎవరు పెడతారు?

లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ విడుదలల వరుసలో 0.93 తర్వాత నేరుగా 1.1 వస్తుంది. మధ్యలో ఉండాల్సిన 1.0 లేదు. 1995 చివర్లో ఇన్ఫోమ్యాజిక్ అనే సీడీల కంపెనీ, ఇంకా తయారీలో ఉన్న ప్రతిని పొరపాటున 'డెబియన్ 1.0' పేరుతో సీడీలకెక్కించింది. దాంతో కంప్యూటర్ బూట్ అవుతుందన్న నమ్మకం కూడా లేదు. డిసెంబరు 11న కంపెనీ, డెబియన్ బృందం కలిసి అది అసలు విడుదల కాదని ప్రకటించాయి. ఏది అసలో ఏది కాదో జనం తికమకపడకూడదని ఆ అంకెనే వదిలేసి, 1996 జూన్ 17న 474 సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలతో 1.1ని 'బజ్' పేరుతో తెచ్చారు.

1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. దీనికి యజమాని లేడు, అమ్మకాల గడువూ లేదు. దేశదేశాల్లోని స్వచ్ఛంద డెవలపర్లు ఎవరి ప్యాకేజీ వాళ్లు చూసుకుంటారు. కంపెనీలో పైవాడు తేదీ చెబుతాడు, మిగతావాళ్లు దానికి తగ్గట్టు పరుగెడతారు. ఇక్కడ ఆ తేదీ చెప్పేవాడే లేడు. సిద్ధమైనప్పుడే విడుదల అన్నారు డెబియన్‌వాళ్లు. కానీ వేల ప్యాకేజీలున్న చోట ఎప్పుడు చూసినా ఏదో ఒకటి విరిగే ఉంటుంది. అలాంటప్పుడు సిద్ధమైందని తేల్చేదెలా?

మొదట్లో పద్ధతి మొరటుగా ఉండేది. కొత్త ప్యాకేజీలన్నీ వచ్చి పడే 'అన్‌స్టేబుల్' నుంచి ఒకరోజు మొత్తం నకలు తీసి, ఫ్రీజ్ చేసి, అంటే కొత్త మార్పులు ఆపేసి, అందులోని బగ్‌లు ఏరుతూ కూర్చునేవారు. అన్నాళ్లూ పోగుపడ్డ తప్పులన్నీ ఆ నకలుతోపాటే వచ్చేవి. 2000 జనవరిలో ఫ్రీజ్ చేసిన 'పొటాటో' విడుదల బయటికొచ్చేసరికి ఆగస్టు 15 అయింది.

ఆ ఏడాది చివర్లో డెవలపర్ ఆంథొనీ టౌన్స్ చొరవతో వచ్చిన, తర్వాతి విడుదల తయారయ్యే 'టెస్టింగ్' విభాగం డెబియన్ చరిత్రలోకెల్లా తెలివైన మార్పని నా అభిప్రాయం. అన్‌స్టేబుల్‌లోకి వచ్చిన ప్యాకేజీ అత్యవసరాన్ని బట్టి రెండు, అయిదు లేదా పది రోజులు అక్కడే వేచి ఉండాలి. డెబియన్ నడిచే రకరకాల ప్రాసెసర్లన్నిటి మీదా బిల్డ్ కావాలి. అది ఆధారపడే ఇతర ప్యాకేజీలు దొరకాలి. పాత వెర్షన్‌లో లేని పెద్ద బగ్ కొత్తగా ఉండకూడదు. ఇవన్నీ చూసి 'బ్రిట్నీ' అనే ప్రోగ్రామ్ దాన్ని టెస్టింగ్‌లోకి పంపుతుంది. ఏరివేత చివర్లో ఒక్కసారిగా కాకుండా రోజూ జరుగుతుంది.

పెద్ద బగ్ ఏదన్న దానికీ కొలత పెట్టుకున్నారు. సంబంధం లేని సాఫ్ట్‌వేర్‌ను చెడగొట్టేది, డేటాను పోగొట్టేది, భద్రతకు గండి కొట్టేది, ప్యాకేజీని వాడుకోనివ్వనిది, డెబియన్ నియమాలను తీవ్రంగా మీరేది విడుదలను ఆపగలదు. ఒక ప్యాకేజీ విడుదలకు పనికిరాదని దాన్ని చూసుకునే మెయింటెయినర్‌కు అనిపించినా చాలు. లెక్కల మధ్య మనిషి విచక్షణకు చోటు ఉంచడం నాకు చాలా నచ్చిన సంగతి.

అయినా ఆలస్యం తప్పలేదు. 2002 జులై 19న 'ఉడీ' వచ్చాక 'సార్జ్' కోసం 2005 జూన్ 6 దాకా ఆగాల్సి వచ్చింది. ఇన్‌స్టాలర్‌ను కొత్తగా రాశారు. 2003 నవంబరులో ప్రాజెక్టు సర్వర్లలోకి ఆగంతకులు చొరబడ్డారు. డెబియన్‌లో ఏమేమి స్వేచ్ఛగా ఉండాలన్న దానిపై 2004లో నియమం మారింది, దాని అమలును సార్జ్ తర్వాతకు వాయిదా వేయడానికి మరో ఓటింగు పెట్టాల్సి వచ్చింది. భద్రతా సవరణలు అందించే ఏర్పాట్లు సకాలంలో పూర్తికాలేదు. ఇంతలో 2004 అక్టోబరులో, డెబియన్ పునాది మీదే కట్టిన ఉబుంటు ఆరు నెలలకోసారి విడుదల చేస్తామంటూ వచ్చేసింది. సర్వర్లు నడిపేవాళ్లు మూడేళ్ల నాటి సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తున్న రోజులవి. సిద్ధం కానిది ఇవ్వకపోవడం వినియోగదారుకు రక్షణే, కానీ అంతు తెలియని ఎదురుచూపు కూడా అతనికి నష్టమే.

2009లో ఒక నడిమార్గం దొరికింది. ఫ్రీజ్‌కు ముందే తేదీ పెట్టాలి, విడుదలకు మాత్రం పెట్టకూడదు. తొలి ప్రయత్నం తడబడింది. ఆ డిసెంబరులోనే ఫ్రీజ్ అని ప్రకటిస్తే డెవలపర్లు అభ్యంతరం చెప్పారు, చివరికి అది 2010 ఆగస్టుకు జరిగింది. 'స్క్వీజ్' 2011 ఫిబ్రవరి 6న వచ్చింది. అప్పటి నుంచి దాదాపు రెండేళ్లకో విడుదల వస్తోంది. ఫ్రీజ్ కూడా అంచెలంచెలుగా బిగుస్తుంది. 'ట్రిక్సీ'కి 2025 మార్చి 15న తొలి అంచె మొదలైంది. ఏప్రిల్, మే, జులైల్లో ఒక్కో అంచెకూ మార్పులకు వీలు తగ్గుతూ వచ్చి, ఆగస్టు 9న విడుదలైంది.

ఆ రోజుకైనా పెద్ద బగ్‌లు సున్నాకు రావు. ఈ విడుదలకు దీన్ని భరిద్దాం అనుకున్న బగ్‌కు విడుదల పనులు చూసే రిలీజ్ బృందం ఒక ప్రత్యేక ట్యాగ్ తగిలిస్తుంది. బగ్‌ను మూసేయరు, దాచరు. సమస్యలను జనం నుంచి దాచబోమని డెబియన్ 1997లోనే తన సామాజిక ఒప్పందంలో రాసుకుంది. అందుకే ఏ బగ్‌ను తెలిసి వదిలారో, ఎందుకు వదిలారో, డెబియన్ వాడే ఎవరైనా ఈరోజుకూ వెళ్లి చదువుకోవచ్చు.