కాంతితో పోటీ: బ్యాంకు డేటా రెండో కాపీ కథ

మీరు టీ తాగి యూపీఐలో ఇరవై రూపాయలు కొట్టారు. పేమెంట్ అయిపోయిందని టిక్ పడింది. సరిగ్గా అదే క్షణంలో బ్యాంకు డేటా సెంటర్ తగలబడిందనుకోండి. మీ ఇరవై రూపాయల లెక్క ఏమవుతుంది?

ఇంకోచోట రెండో కాపీ ఉంటుంది కాబట్టి బతికిపోతుంది. మరి ఆ కాపీ ఎంత దూరంలో ఉండాలి? దీని మీద పెద్ద గొడవే జరిగింది.

మొదట్లో పద్ధతి చాలా సింపుల్. పెద్ద బ్యాంకుల లెక్కలు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో ఉండేవి. రాత్రికి టేపుల మీద కాపీ తీసి, వ్యాన్‌లో వేరే బిల్డింగ్‌కి పంపేవాళ్లు. సాయంత్రం ప్రమాదం జరిగితే ఆ రోజు లెక్కలన్నీ గోవిందా అన్నమాట.

1994లో ఈఎంసీ అనే అమెరికన్ కంపెనీ ఎస్‌ఆర్‌డీఎఫ్ తెచ్చింది. ఆ దశాబ్దం మధ్యలోనే ఐబీఎం కూడా పీపీఆర్‌సీ, ఎక్స్‌ఆర్‌సీ అని రెండు తెచ్చింది. పేర్లు మర్చిపోయినా పర్లేదు, పని అర్థమైతే చాలు. డిస్కులుండే స్టోరేజ్ పెట్టె తనలో ఏది రాసినా దూరంగా ఉన్న ఇంకో పెట్టెకి తనే పంపిస్తుంది. సింక్రనస్ పద్ధతిలో అయితే అవతలి పెట్టె "అందింది" అనేదాకా ఇవతల ప్రోగ్రామ్ ఆగాల్సిందే. ఒక్క లావాదేవీ కూడా పోదు. కానీ ఆ ఆగడం ఉంది చూశారూ, అసలు తలనొప్పి అక్కడే.

ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే 100 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 1 మిల్లీసెకను. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అప్పటి పెట్టెలు ఒక్కసారి వెళ్లొస్తే సరిపోయేది కాదు. "రాయనా?" అని ఒక కబురు, "రాయి" అని జవాబు, తర్వాత డేటా, మళ్లీ "అందింది". ప్రతి రాతకీ రెండు రౌండ్లు! పైగా 1990లో వచ్చిన ఎస్కాన్ లింకు ఉండేది. దగ్గర్లో సెకనుకి 17 మెగాబైట్ల దాకా పంపేది, సుమారు 9 కిలోమీటర్లు దాటితే వేగం పడిపోయేది. ముందు పంపిన లారీ దిగుమతి అయిందని ఫోన్ వస్తే గానీ తర్వాతి లారీ కదలని గోడౌన్ ఎలా ఉంటుందో అలాగ. రోడ్డంతా ఖాళీయే, లారీలే కదలవు. అందుకే తర్వాత వచ్చిన ఫైకాన్ ఒకేసారి చాలా లారీలను రోడ్డు మీద ఉంచేలా చేసింది.

ఇంతలో 2001 సెప్టెంబర్ 11. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో ఉన్న క్యాంటర్ ఫిట్జెరాల్డ్ సంస్థ 658 మంది ఉద్యోగులను పోగొట్టుకుంది. అయినా దాని ట్రేడింగ్ విభాగం ఈస్పీడ్, 13న బాండ్ మార్కెట్ తెరిచేసరికి మళ్లీ పని మొదలుపెట్టింది. కారణం, పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని రోషెల్ పార్క్‌లో రెండో సెంటర్ ఉండటం. అందరికీ అలా కుదరలేదు. కొన్ని సంస్థల బ్యాకప్ అసలు ఆఫీసుకి మరీ దగ్గర్లో, అదే కరెంటు, అదే టెలిఫోన్ లైన్ల మీద ఉంది.

దాంతో 2002లో అమెరికా నియంత్రణ సంస్థలు ఒక ముసాయిదా పెట్టాయి. బ్యాకప్‌ని 200 నుంచి 300 మైళ్ల దూరంలో పెడితే ఎలా ఉంటుందని అడిగాయి. 300 మైళ్లంటే 480 కిలోమీటర్లు. మన లెక్క వేయండి: ఒక్క రౌండ్‌కి 4.8 మిల్లీసెకన్లు, రెండు రౌండ్లకి దాదాపు 10. ఒక లావాదేవీలో ఒకదాని వెనుక ఒకటిగా పది రాతలుంటే దగ్గర దగ్గర 100 మిల్లీసెకన్లు ఊరికే ఎదురుచూపు. అప్పట్లో 100 కిలోమీటర్లు దాటితేనే సింక్రనస్ కష్టం. అభ్యంతరాలు వచ్చాయి. 2003 ఏప్రిల్‌లో వచ్చిన తుది పత్రంలో ఆ మైళ్ల అంకె లేదు. చాలామంది దీన్ని బ్యాంకుల లాబీయింగ్ అంటారు. నాకైతే అందులో సగం ఫిజిక్స్ అనిపిస్తుంది.

ఇంజినీర్లు ఊరుకోలేదు. కాంతిని తోయలేం కదా, మరి రౌండ్లు తగ్గిస్తే? ఐబీఎం "రాయనా?" అని అడగడం మానేసి, ఆజ్ఞనీ డేటానీ కలిపి ఒకేసారి పంపించింది. 10 కాస్తా 5 అయింది, కొత్త కేబుల్ వేయకుండానే!

ఇక దూరానికి అసింక్రనస్. ఇక్కడ ప్రోగ్రామ్ ఆగదు, కాపీ కాస్త వెనకబడి వస్తుంది. ఈఎంసీ ఎస్‌ఆర్‌డీఎఫ్‌లో మొదట్లో 30 సెకన్ల రాతల్ని ఒక మూటగా కట్టి పంపేవాళ్లు. ఒకే ఖాతా ఆ 30 సెకన్లలో నలభై సార్లు మారితే, చివరి అంకె మాత్రమే వెళ్తుంది. లైన్ మీద బరువు తగ్గుతుంది. మూట మొత్తం చేరితేనే లెక్కలోకి తీసుకుంటారు. లేకపోతే మీ ఖాతాలో డబ్బు తగ్గి, టీ కొట్టు ఖాతాలో పెరగకుండా ఉండిపోయే ప్రమాదం. కానీ సెంటర్ కూలితే దారిలో ఉన్న మూట పోయినట్టే.

మరి ఆ చివరి మూట ఎవరి డబ్బు? అందుకే పెద్ద సంస్థలు మూడు చోట్ల పెట్టుకున్నాయి. దగ్గర్లో సింక్రనస్ కాపీ, దూరంగా అసింక్రనస్ కాపీ. మన సెబీ కూడా స్టాక్ ఎక్స్ఛేంజీలను అలాగే అడుగుతుంది: ఒక్క లావాదేవీ పోకుండా దగ్గర్లో ఒక సైట్, భూకంపం లాంటిది వస్తే వేరే భూకంప మండలంలోనో, కనీసం 500 కిలోమీటర్ల అవతలో ఇంకోటి. ముంబై నుంచి 500 దాటాలంటే దాదాపు మన హైదరాబాద్ దాకా వచ్చేసినట్టే.