లేదని రాసేసిన పిట్ట

1840ల్లో మన నెల్లూరులో జెర్డాన్ అనే సివిల్ సర్జన్ ఉండేవాడు. పక్షుల పిచ్చి. అడవి సంగతులన్నీ మన యానాదుల్ని అడిగి రాసుకున్నాడు. 1848లో శాస్త్రానికెక్కిన కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే.

1900 తర్వాత అది ఎవరికీ కనపడలా. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట దాన్ని పట్టిచ్చింది ఆ ఊరి వేటగాడే! అడగాల్సింది ఎవర్నో చూడండి.

ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దానిది 'అంతరించే ప్రమాదం అతి తీవ్రం' అనే మెట్టు. దాని తర్వాత అడవిలో లేనివి, ఆపైన పూర్తిగా పోయినవి. ఆ మెట్టు ఒట్టి పేరు కాదు. మన సోమశిలకి నీళ్ళు తెచ్చే తెలుగుగంగ కాలవ 2005లో దాని పొదల్లోకి తవ్వితే గొడవై, దారి మార్చాల్సొచ్చింది. నీళ్ళకి ఎదురుచూసే మనకి చిరాకే. అయినా నేను తప్పుపట్టను. 1986 నుంచి ఆ పిట్ట కనపడింది లంకమల చుట్టుపక్కలే గదా.