దీపమునకు లెక్క: సముద్రము దాటిన దానధర్మము





కొంతకాలము క్రిందట మా దేవాలయమునకు అమెరికా నుండి ఒక లేఖ వచ్చినది. వ్రాసినవాడు మా గ్రామపు కుటుంబమువాడే. అతని తాతగారు ప్రతి పంటకు కళ్లములో ధాన్యము కొలుచునపుడు, ఇంటి గాదెకు ఒక్క గింజ చేరకముందే స్వామికి ఒక కుంచము, అర్చకునికి ఒక కుంచము, చాకలికి, మంగలికి, కుమ్మరికి వారి వారి మేరలు కొలిపించెడివారు. ఆ కుంచములకు లెక్క వ్రాసినవారు లేరు, అడిగినవారును లేరు. ఇప్పుడు మనుమడు తాతగారి పేర నిత్యదీపమునకు ద్రవ్యము పంపుదునని వ్రాసెను. దానితోపాటు రసీదు కావలెననియు, నెలకు ఎంత నూనె వ్యయమైనదో తెలుపవలెననియు, వెలుగుచున్న దీపము యొక్క ఛాయాచిత్రము పంపవలెననియు కోరెను.

ఆ లేఖ చదివి నా మనస్సు నొచ్చుకొన్నది. ముప్పది సంవత్సరములుగా స్వామి సన్నిధిలో దీపము వెలిగించుచున్నవానిని నూనెకు లెక్క అడుగుటయా? సముద్రము దాటినవారికి దానము వ్యాపారమైపోయినదని ఒకరిద్దరితో అంటిని కూడ. తరువాత పూర్వచరిత్రను నెమరు వేసుకొన్నకొలది నా మాటలోని పొరపాటు నాకే తెలిసివచ్చినది. ఆ విచారమే ఈ వ్యాసము.

శాసనమే రసీదు

ద్రాక్షారామ భీమేశ్వరాలయమును దర్శించినవారు అచ్చటి స్తంభములపై, గోడలపై చెక్కిన శాసనములను చూచియుందురు. అవి వందల సంఖ్యలో కలవు. వానిలో అధికభాగము అఖండదీపములకు సంబంధించినవి. వాని పద్ధతి ఇంచుమించు ఒక్కటే. దాత ఇన్ని గొఱ్ఱెలనో ఆవులనో సమర్పించెను. వానిని ఫలానా బోయడు చేకొనెను. అతడును, అతని పుత్రపౌత్రులును ఆచంద్రార్కము దినమునకు ఇంత కొలత నెయ్యి స్వామి దీపమునకు పోయవలెను. దాత ఎవరు, ఇచ్చినదెంత, బాధ్యుడెవ్వడు, దినవ్యయమెంత అన్నవన్నియు అందు కలవు. రసీదనగా ఇంతకన్న వేరేమున్నది?

ఆ దాతలలో ఆ ఊరివారు కానివారు ఎందరో. సేనానులు, రాణులు, దూరదేశముల నుండి వచ్చి తిరిగి వెళ్లిపోయిన యాత్రికులు. ఊరిలో ఉన్న దాత ప్రతి సాయంకాలము వచ్చి తన దీపమును కన్నులార చూచుకొనగలడు. వెళ్లిపోవు దాతకు కన్ను లేదు గనుక అక్షరము కావలసివచ్చినది. లెక్క అడుగుట అశ్రద్ధకు చిహ్నము కాదు, దూరమునకు చిహ్నము. ఈ సంగతి నేను మరచితిని.

పగానులో ఒక ద్వారము, ఒక దీపము

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనీయములలో చేర్చినది. అయినను మన వర్తకులు వెళ్లుట మానలేదు, వెళ్లినచోట ధర్మము విడువలేదు. బర్మాదేశమందలి పగాను నగరములో క్రీ.శ. 13వ శతాబ్దపు లిపిలో ఒక శాసనము లభించినది. కేరళతీరమందలి మహోదయపురమునకు చెందిన కులశేఖర నంబి అను భక్తుడు అచ్చటి విష్ణ్వాలయమునకు ఒక మండపము కట్టించి, ఒక ద్వారమును, నిత్యము వెలుగవలసిన ఒక దీపమును సమర్పించెనని అందు కలదు. ఆ ఆలయము పేరులోనే "నానాదేశి" అను పదమున్నది. నానాదేశములలో సంచరించు వర్తకసంఘమునకు అది పేరు.

శాసనారంభమున ముకుందమాలలోని శ్లోకమున్నది. ధర్మమునందు గాని, ధనరాశియందు గాని తనకు ఆసక్తి లేదని, స్వామి పాదభక్తి ఒక్కటే చాలునని దాని తాత్పర్యము. ధనార్జనకై సముద్రము దాటినవాడు ధనరాశియందు ఆసక్తి లేదను శ్లోకమును తన దానపత్రముపై చెక్కించుకొనెను. దీనిని ఆత్మవంచన అనుట సులభము. నాకు మాత్రము అది మేలుకొలుపుగా తోచుచున్నది. స్వగ్రామములో దానము అలవాటుగా జరుగును, తాతగారి కుంచము వలె. పరదేశములో అలవాటు తెగిపోవును. అచ్చట ఇచ్చువాడు తానెందుకు ఇచ్చుచున్నాడో తనకు తాను చెప్పుకొనవలసియుండును.

పద్దులో దేవుడు, కూలిలో దేవుడు

19వ శతాబ్దములో ఈ కథ రెండు శాఖలైనది. మొదటిది నాటుకోట చెట్టియార్లది. వారు బర్మా, మలయా, సింగపూరులలో వడ్డీవ్యాపారము చేయుచు, వ్యాపారమునుండి కొంత భాగమును దేవునికై వేరుచేసి పద్దు వ్రాసెడివారు. దానిని వారు మహమై అందురు. మన తెలుగు వర్తకులు మగమ అన్నది దీనికి సోదరపదమే. సింగపూరులోని వారి దండాయుధపాణి ఆలయము 1859లో వెలసినది. ఆ ధనముతోనే తమిళదేశములోని ప్రాచీన శివాలయములెన్నో జీర్ణోద్ధరణ పొందినవి, వేదపాఠశాలలు నడచినవి. అయితే ఆ ధనములో బర్మా రైతు వడ్డీయు కలదు. 1930 దశకపు ఆర్థికమాంద్యములో ఎందరో రైతుల భూములు అప్పులక్రింద వారి వశమైనవి. దానము ఎంత గొప్పదైనను ద్రవ్యము వచ్చిన త్రోవను అది కడిగివేయదని ఈ చరిత్ర హెచ్చరించుచున్నది.

రెండవ శాఖ కూలివారిది. 1834 నుండి మారిషస్ చెరకుతోటలకు మన దేశపు కూలీలు ఒప్పందముపై వెళ్లిరి. కోరంగి రేవునుండి, విశాఖపట్టణపు ప్రాంతమునుండి వెళ్లిన తెలుగువారు వారిలో కలరు. పురుషునికి నెలకు 5 రూపాయల కూలి. ఒక్కదినము పనికి రానిచో రెండు దినముల కూలి కోసెడి నియమముండెను. అట్టివారు తోటలలో చిన్న చిన్న గుడులు నిలుపుకొనిరి. ఈనాటికిని మారిషస్ తెలుగువారు సింహాద్రి అప్పన్నకు, అమ్మోరుకు పండుగలు చేయుదురు, రామభజనము చేయుదురు. వారి దానమునకు శిలాశాసనము లేదు. దాతయు, ప్రతిగ్రహీతయు ఒకే వరుసలో నివసించిరి గనుక లెక్క అవసరము కలుగలేదు. పరదేశములోనే వారు కళ్లమును తిరిగి కట్టుకొనిరి.

అమెరికా రసీదు

1965లో అమెరికా వలసచట్టము మారిన పిమ్మట మనవారిలో వైద్యులు, ఇంజనీర్లు ఎక్కువగా వెళ్లిరి. 1976లో పిట్స్‌బర్గ్ సమీపమున పెన్‌హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరాలయ నిర్మాణము ఆరంభమైనది. 1977 జూలై 4న న్యూయార్క్ నగరములోని ఫ్లషింగ్‌లో మహాగణపతి ప్రతిష్ఠ జరిగినది. రెండింటికిని తిరుమల తిరుపతి దేవస్థానముల తోడ్పాటు లభించినది. అచ్చట రాజు లేడు, మాన్యము లేదు, దేవాదాయశాఖ లేదు. దీపమునకు నూనె మొదలు అర్చకుని జీతము వరకు భక్తులే చూచుకొనవలెను. స్వదేశములో దేవుని అతిథిగా గుడికి వెళ్లినవాడు అచ్చట గుడిని పోషించు గృహస్థుడయ్యెను.

ఆ దేశపు పన్నుచట్టములో ఒక విశేషము తెలిసి నేను ఆశ్చర్యపడితిని. 250 డాలర్లు గాని అంతకు మించి గాని ఇచ్చిన దాత పన్నురాయితీ పొందవలెనన్న, సంస్థ వ్రాసియిచ్చు పత్రములో దానమునకు బదులుగా దాతకు ఏమైన ఇచ్చినారా లేదా అన్నది స్పష్టముగా ఉండవలెను. స్పర్శకు అందని ధార్మికఫలము మాత్రమే లభించినచో ఆ మాటయే అందు వ్రాయవలెను. గీతాచార్యుడు సాత్త్వికదానమునకు చెప్పిన లక్షణములలో ప్రత్యుపకారమును ఆశింపకుండుట ఒకటి కదా! అయితే పన్నురాయితీ కూడ ఒక ప్రత్యుపకారమే అను ప్రశ్న మిగులును. దానికి సమాధానము దాత తన అంతరంగములో వెదకికొనవలసినదే.

మన దేశపు చట్టమును కూడ చెప్పవలెను. భారత పౌరసత్వమున్నవాడు విదేశములో ఆర్జించి బ్యాంకు ద్వారా పంపిన సొంత ధనము విదేశీ విరాళము కాదు. అతడే అచ్చటి పౌరసత్వము స్వీకరించిన మరునాడు అదే చేయి, అదే ధనము విదేశీ మూలమగును. విదేశీ విరాళముల చట్టము క్రింద అనుమతి లేని సంస్థ దానిని స్వీకరింపరాదు. 2020 సవరణ తరువాత అనుమతి ఉన్న సంస్థకును అట్టి ధనము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో తెరచిన ఖాతాకే రావలెను. మోసములను అరికట్టుటకు కట్టడి అవసరమే. కాని పెద్ద సంస్థలు ఈ త్రోవను దాటగలవు, గ్రామదేవాలయము దాటలేదు. దాత మనస్సు మారకున్నను దానము పోవు దిక్కు మారుచున్నది.

సంవిత్

తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు విద్య ముగించిన శిష్యునకు దానవిధి నుపదేశించుచు శ్రద్ధతో, సిగ్గుతో, భయముతో ఇమ్మని చెప్పి, చివర సంవిత్తుతో ఇమ్మనెను. సంవిత్తు అనగా తెలివిడి అని సామాన్యార్థము. భగవత్పాదుల భాష్యములో దానికి మైత్రి మొదలగు అర్థము చెప్పబడినది. బాల్యములో పాఠము చెప్పుకొన్నపుడు ఈ రెండర్థములు ఎట్లు పొసగునో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలియుచున్నది. విదేశవాసము దాతకు మొదటి సంవిత్తును పెంచినది. ఎవరికి, ఎంత, ఎందుకు అని అతడు అడుగును. అది దోషము కాదు. రెండవ సంవిత్తు మాత్రము దూరములో సన్నగిల్లును. తాతగారు కుంచము కొలిపించునపుడు కుమ్మరి ఎదుటనే నిలిచియుండెడివాడు, అతని బిడ్డల పేర్లు తాతగారికి తెలిసియుండెడివి. మనుమనికి దీపము తెలియును, ప్రమిద చేసినవాడు తెలియడు.

అందుచేత లెక్క పంపితిని. ఛాయాచిత్రమును పంపితిని. నూనె లెక్క క్రింద మరి నాలుగు పంక్తులు చేర్చితిని: ప్రమిదలు ఇప్పటికిని ఆ కుమ్మరి ఇంటినుండియే వచ్చుచున్నవని, వాని మనుమరాలు ఇంటర్మీడియట్ చదువుచున్నదని, చాకలి ఇంటి పెద్దామెకు చూపు మందగించినదని.

మరుసటి నెల లేఖలో అతడు నూనె సంగతి అడుగలేదు. తాతగారి కళ్లములో ఎవరెవరికి మేరలు ఉండెడివో, వారి ఇండ్లవారు ఇప్పుడు ఎచ్చట ఉన్నారో వ్రాయుమని అడిగెను. వచ్చే సంవత్సరము తనకు ఆ దేశపు పౌరసత్వము రానున్నదనియు అందులోనే తెలిపెను. మా దేవాలయమునకు విదేశీ విరాళములు స్వీకరించు అనుమతి లేదు. అటుపిమ్మట ఆ దీపమునకు నూనె ఊరివారమే చూచుకొనవలెను. మేరల జాబితాను మాత్రము వ్రాసి పంపితిని.

స్వస్తి.