తీగెను మోసిన సైనికుడు

యుద్ధచరిత్రలను చదువునపుడు మన దృష్టి సేనాధిపతులమీదను, కోటలు పట్టిన వీరులమీదను నిలుచును. ఒక దళపు మాటను మఱియొక దళమునకు చేరవేయు సైనికుడు మనకు కానరాడు. అతని ముఖ్యాయుధము తీగెచుట్ట. ఆ తీగె తెగినచో ఎంత పరాక్రమమైనను గ్రుడ్డిదగును. గల్లిపోలి యుద్ధమున సేవచేసిన యొక యువకుని చరిత్ర ఈ సత్యమును తేటపఱచుచున్నది.

సిరిల్ బాసెట్ 1892లో న్యూజీలాండునందలి ఆక్లండు నగరమున జన్మించెను. అతడు పొట్టివాడు, వృత్తిచే బ్యాంకు గుమాస్తా. ప్రపంచసంగ్రామము ఆరంభమైన పిమ్మట సైన్యమున చేరి వార్తావిభాగమున కార్పొరల్ ఆయెను. 1915 ఏప్రిలు 25వ తేదీన న్యూజీలాండు సైన్యము ఆస్ట్రేలియనులతో కూడ తురుష్కదేశపు గల్లిపోలి తీరమున దిగెను. కాని మూడునెలలు గడచినను ఆ కొండలను దాటి సాగలేకపోయెను.

ఆగస్టు 8వ తేదీ వేకువను కర్నల్ మలోన్ నాయకత్వమున వెల్లింగ్టను పటాలము చునుక్ బైర్ అను శిఖరము నెక్కెను. తెల్లవాఱినంతనే తురుష్కులు తమ నేలను తిరిగి గైకొనుటకు తీవ్రముగ పోరాడిరి. శిఖరముమీది నేల గట్టిది. లోతుగ కందకములు త్రవ్వుటకు వీలులేదు. పైనున్నవారు ఎచట నున్నారో క్రిందివారికి తెలియవలెను. లేనిచో సహాయము రాదు, ఫిరంగులకు గుఱి తెలియదు. వార్తాహరుని పంపినచో దారిలోనే కూలవచ్చును. కావున టెలిఫోను తీగె యొక్కటే దిక్కు.

బాసెట్టును కొలదిమంది సహచరులును పట్టపగలు, ఎడతెగని కాల్పులనడుమ, పాతస్థావరమునుండి శిఖరమువఱకు ఆ తీగెను పఱచిరి. గుండ్లు పడి అది మాటిమాటికి తెగుచుండెను. తెగినచోటిని వెదకి, నేలపై ప్రాకుచు పోయి, కొనలు కలిపి తిరిగి వచ్చుట వారి పని. మరల తెగును, మరల పోవలెను. అటుతరువాతను రాత్రింబవళ్లు ఈ సేవయే సాగెను. గుండ్లు బాసెట్టు దుస్తులను చీల్చినవి గాని దేహమును తాకలేదు.

ఆ పోరాటమునకైన వెల భయంకరము. శిఖరమెక్కిన సుమారు 760 మంది వెల్లింగ్టను సైనికులలో గాయపడక దిగివచ్చినవారు సుమారు 70 మంది మాత్రమే. మలోన్ ఆనాటి సాయంకాలమే మరణించెను. స్వపక్షపు గుండే ఆయనను కూల్చి యుండునని పలువురు చరిత్రకారుల తలంపు. ఆగస్టు 10వ తేదీన ముస్తఫా కెమాలు నడపిన యెదురుదాడిలో శిఖరము తురుష్కుల వశమాయెను. 1916 జనవరినాటికి మిత్రసైన్యములు ఆ ద్వీపకల్పమునే విడిచిపోయినవి.

బాసెట్టునకు 1915 అక్టోబరున విక్టోరియా క్రాసు ప్రకటింపబడెను. గల్లిపోలిలో న్యూజీలాండు సేనలో దానిని పొందినవాడు అతడొక్కడే. పిమ్మట అతడు ఫ్రాన్సు రంగమున పోరాడి గాయపడెను. యుద్ధానంతరము తన బ్యాంకునకే మరలెను. రెండవ ప్రపంచయుద్ధమునను స్వదేశమున వార్తాదళమునందే సేవచేసి, 1983లో 91 ఏండ్లప్రాయమున మరణించెను.

ఇంతటి గౌరవము పొందియు అతడు దానిని గూర్చి గర్వింపలేదు. ఆ పతకములు అచట వందలమందికి రావలసినవని, తన మిత్రులకు దక్కినవి కొయ్యసిలువలు మాత్రమేనని వాపోయెను. శిఖరము నిలువలేదు, తీగెయు నిలువలేదు. ఆ మాట నిలిచినది. ఒక్కనికి పూలమాల వేసి పదిమందిని మఱచు అలవాటు యుద్ధరంగమునకే పరిమితమా? మన సభలలోను, మన యిండ్లలోను అట్టి తీగెలను కలుపుచున్నవారి పేర్లు మనలో నెందఱికి తెలియును?