ఈసీలో కనిపించని ఆడపిల్లలు

మా అమ్మ పుట్టిల్లు మైపాడు దగ్గర, రాత్రిళ్లు సముద్రపు హోరు వినిపించే ఊళ్లో ఉండేది. 2011లో దాన్ని అమ్మేశారు. ఇంటి కాగితాలు ఎలా చూడాలో ఆ అమ్మకం గొడవలోనే నాకు తెలిసింది.

తాత ఆ ఇంటిని 1961లో సొంత సంపాదనతో కొన్నాడు. 1986లో, వీలునామా రాయకుండానే పోయాడు. 1989 నవంబరులో కావలి తుపానుకు ఇల్లంతా కారి, ట్రంకుపెట్టెలో ఉన్న దస్తావేజు నానిపోయి ముద్దయింది. ఇల్లే పోయినట్టు అవ్వ ఏడ్చిందట. నిజానికి అంత భయం అక్కర్లేదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే ఇల్లు అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. మామలు అక్కడే సర్టిఫైడ్ కాపీ తీసుకున్నారు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కూడా తీయించారు. తాకట్టు లేదు, అప్పు లేదు. అంతా శుభ్రం.

కొనేవాళ్ల లాయరు మాత్రం ఒకటే అడిగాడు. "ఆయనకు ఆడపిల్లలు ఎంతమంది?"

ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. మనిషి పోయాక వారసులకు వచ్చే హక్కుకు రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకే అమ్మ, పిన్ని అందులో లేరు.

మామ హక్కు విడుదల పత్రం పట్టుకొచ్చాడు. "నీ పెళ్లి 1974లోనే అయిపోయింది గదక్కా, నీకు చట్టం వర్తించదు. ఊరికే సంతకం పెట్టు" అన్నాడు.

మామ చెప్పిన చట్టం నిజమే, కానీ అది వేరే ఆస్తికి. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. తాత ఇల్లు స్వార్జితం. వీలునామా లేకపోతే స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. కూతురి పెళ్లి ఎప్పుడైందన్న లెక్కే లేదు.

మరి ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు అడగలేదు? అదే చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని కూతురు అడగడానికి లేదు, మగవాళ్లు పంచుకునేదాకా ఆగాల్సిందే. వాటా ఇచ్చిన చేత్తోనే తలుపు మూశారన్నమాట. 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ సెక్షన్ పోయింది. పెళ్లయిన కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో అడ్డు కూడా అప్పుడే తొలగింది.

లాయరు ఇదంతా చెబుతుంటే అమ్మ విని, "వదులుకోవాలంటే వదులుకుంటాను. ఏం వదులుకుంటున్నానో తెలిసి వదులుకుంటాను" అంది. చివరికి వదులుకోలేదు. అవ్వ అప్పటికే పోయింది కాబట్టి నలుగురికీ సమానంగా వచ్చింది. అమ్మ, పిన్ని అమ్మేవాళ్లుగానే సంతకాలు పెట్టారు. ఆ సంక్రాంతికి పుట్టింటి చీర రాలేదు. మరుసటేడు మామ వచ్చాడు, చీర లేకుండా. అమ్మ చేపల పులుసు చేసి పెట్టింది.

మీరు ఇల్లు కొంటుంటే ఈసీ ఒక్కటే చూసి తృప్తిపడకండి. అమ్మేవాళ్లకు ఆ ఇల్లు ఎలా వచ్చిందో అడగండి. తండ్రి నుంచి వస్తే, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అక్కచెల్లెళ్లు ఎవరున్నారో చూడండి. వాళ్ల సంతకాలు లేకుండా కొంటే, రేపు వాళ్లు వాటా అడిగినప్పుడు కోర్టు మెట్లెక్కాల్సింది మీరే. వీలునామా ఉందంటే చదవండి, అది రిజిస్టరు కాకపోయినా చెల్లవచ్చు. మీ పుట్టిల్లు అమ్ముతుంటే, ఎవరు చూపించిన చోటైనా సరే, చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి.