రోదసిలో మనిషి శరీరం: ఒక జమాఖర్చుల చరిత్ర

మానవుడు రోదసిలో అడుగుపెట్టి అరవై ఏళ్ళు దాటింది. ఈ యాత్రల గురించి మనం సాధారణంగా వినేది రాకెట్ల శక్తి, ఇంజనీర్ల ప్రతిభ, దేశాల మధ్య పోటీ. కాని ఆ రాకెట్టు కొసన, ఇరుకైన గదిలో కూర్చున్నది మనవంటి రక్తమాంసాల శరీరమే. ఆ శరీరానికి అక్కడ ఏమవుతుంది, దాన్ని క్షేమంగా తిరిగి తీసుకురావడం ఎలా అన్న ప్రశ్నల నుంచి పుట్టినదే రోదసి వైద్యశాస్త్రం.

ఈ యాత్రల వల్ల లాభమా, నష్టమా అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పలేము. నష్టాన్ని ఎవరు భరించారు, లాభం ఎవరికి చేరింది అని విడివిడిగా పరిశీలించాలి. ఆ లెక్కలో మన ఇళ్ళలోని వృద్ధులకు కూడా ఒక వాటా ఉన్నదని పాఠకులు ఈ వ్యాసం చివర గ్రహిస్తారు.

మచ్చతో మొదలైన శాస్త్రం

1949 ఫిబ్రవరిలో అమెరికా వైమానిక దళం టెక్సాస్‌లోని రాండాల్ఫ్ స్థావరంలో రోదసి వైద్య విభాగాన్ని నెలకొల్పింది. దాని అధిపతి హ్యూబర్టస్ స్ట్రగ్‌హోల్డ్ అనే జర్మన్ వైద్యుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన బెర్లిన్‌లో జర్మన్ వైమానిక దళపు వైద్య పరిశోధన సంస్థకు నాయకుడు. అదే కాలంలో డాకౌ నిర్బంధ శిబిరంలో ఖైదీలను మంచునీటిలో ముంచి, గాలి పీడనం తగ్గించిన గదులలో బంధించి, వారి ప్రాణాలు తీస్తూ ప్రయోగాలు జరిగాయి. శీతల ప్రయోగాల ఫలితాలను వివరించిన 1942 నాటి న్యూరెంబర్గ్ సమావేశానికి స్ట్రగ్‌హోల్డ్ హాజరయ్యాడు. ఆయనపై విచారణ జరగలేదు. ‘రోదసి వైద్య పితామహుడు’ అన్న బిరుదు మాత్రం దక్కింది. 1977లో ఆయన పేరు పెట్టిన గ్రంథాలయం నుంచి ఆ పేరును 1995లో తొలగించారు.

అదే కాలంలో దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గంలో నడిచిన వైద్యుడు జాన్ పాల్ స్టాప్. వేగం ఒక్కసారిగా ఆగితే మనిషి తట్టుకోగలడా అన్న ప్రశ్నకు ఆయన తన శరీరం మీదనే జవాబు వెతికాడు. 1954 డిసెంబరు 10న రాకెట్ బండి మీద గంటకు 632 మైళ్ళ వేగాన్ని అందుకుని, ఒకటిన్నర సెకను లోపలే ఆగాడు. ఆయన శరీరం మీద భూమ్యాకర్షణకు 46 రెట్లు మించిన బలం పడింది. కళ్ళలో రక్తం చిమ్మి కొంతసేపు చూపు పోయింది, తరువాత తిరిగి వచ్చింది. కార్లలో సీటు బెల్టు తప్పనిసరి చేయాలని తరువాతి కాలంలో గట్టిగా వాదించినవారిలో ఆయన ఒకరు.

పరిశోధన ఎవరి శరీరం మీద జరిగింది, వారి అంగీకారంతో జరిగిందా, లేదా అన్నది వైద్యంలో మొదటి ప్రశ్న. రోదసి వైద్యానికి ఈ ప్రశ్న పుట్టుకతోనే వచ్చింది.

అంగీకారం అడగని ప్రయాణికులు

1957 నవంబరు 3న సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2లో లైకా అనే వీధి కుక్కను పంపింది. దానిని తిరిగి తీసుకువచ్చే ఏర్పాటే ఆ నౌకలో లేదు. అది కొన్ని రోజులు బతికిందని లోకం చాలాకాలం నమ్మింది. గది వేడెక్కి కొన్ని గంటలలోనే చనిపోయిందన్న సంగతి 2002లో బయటపడింది. 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు కక్ష్యలో తిరిగి ప్రాణాలతో దిగాయి. 1961 జనవరిలో అమెరికా హామ్ అనే చింపాంజీని పంపింది.

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల యాత్ర చేశాడు. బరువు తెలియని స్థితిలో మనిషికి మతి తప్పుతుందేమోనని అప్పటి నిపుణులు నిజంగానే భయపడ్డారు. అందుకే నౌక మీటలకు సంకేత సంఖ్యతో తాళం వేసి, ఆ సంఖ్యను కవరులో పెట్టి ఇచ్చారు. మతి తప్పలేదు. అయితే అదే సంవత్సరం ఆగస్టులో ఒక రోజుకు పైగా కక్ష్యలో ఉన్న గెర్మన్ టిటోవ్‌కు తల తిరిగి, కడుపులో వికారం కలిగింది. మన లోచెవిలో శరీరపు నిలకడను తెలిపే అవయవం భూమ్యాకర్షణ మీద ఆధారపడి పనిచేస్తుంది. కళ్ళు ఒకటి చెప్పి, లోచెవి మరొకటి చెబితే మెదడు తికమకపడుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో కొందరికి వాంతులయ్యేది కూడా ఇందువల్లనే. రోదసికి వెళ్ళేవారిలో సగానికి పైగా మొదటి రెండు మూడు రోజులు ఈ బాధ పడతారు.

ప్రాణాలు తీసిన ప్రయాణాలు

1967 జనవరి 27న అపోలో-1 నౌకలో నేల మీద పరీక్ష జరుగుతుండగా నిప్పు పుట్టింది. లోపల నింపినది స్వచ్ఛమైన ఆక్సిజన్ కావడం వల్ల మంటలు క్షణాలలో వ్యాపించి ముగ్గురు మరణించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పారాచూట్ విచ్చుకోక వ్లదీమిర్ కొమరోవ్ నేలకూలాడు. 1971 జూన్ 30న సోయుజ్-11 సల్యూత్ కేంద్రం నుంచి తిరిగి వస్తూ సవ్యంగానే నేలకు దిగింది. తలుపు తెరిచి చూస్తే ముగ్గురూ ఊపిరి లేకుండా ఉన్నారు. పైన ఉండగానే ఒక చిన్న కవాటం తెరుచుకుని లోపలి గాలి అంతా వెలుపలికి పోయింది. ఇరుకు గదిలో ముగ్గురిని కూర్చోబెట్టడం కోసం పీడన దుస్తులు లేకుండానే వారిని పంపారు. ఆ తరువాతనే ఆ దుస్తులు తప్పనిసరి అయ్యాయి.

అమెరికా స్పేస్ షటిల్ మొత్తం 135 సార్లు ఎగిరింది. అందులో 1986 జనవరి 28న ఛాలెంజర్, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నాశనమయ్యాయి. పద్నాలుగు మంది మరణించారు. మన కల్పనా చావ్లా కొలంబియాలోనే ఉన్నారు. ఆమెతో కలిసి మరణించిన ఆరుగురిలో లారెల్ క్లార్క్, డేవిడ్ బ్రౌన్ ఇద్దరూ వైద్యులు. 135లో రెండు అంటే దాదాపు ఒకటిన్నర శాతం. శస్త్రచికిత్సకు ముందు రోగికి ‘నూటికి ఒకటిన్నర వంతు ప్రాణాపాయం ఉంది’ అని చెప్పి సంతకం తీసుకునేటప్పుడు ఎంత జాగ్రత్తగా మాట్లాడతామో వైద్యులకు తెలుసు. రోగికి ఆ సాహసం తన జబ్బు నయం కావడం కోసం. వ్యోమగామి ఏ జబ్బూ లేకుండా, తనది కాని ప్రయోజనం కోసం ఆ సంతకం చేస్తాడు. ఆ భేదాన్ని మనం మరచిపోరాదు.

బరువు లేని చోట శరీరం

ప్రమాదం లేకుండా గడిచిన యాత్రలలో కూడా శరీరం తన మూల్యం తాను చెల్లిస్తుంది. 1970 జూన్‌లో సోయుజ్-9లో 18 రోజులు గడిపిన నికొలాయెవ్, సెవస్త్యానోవ్ దిగాక నిలబడలేకపోయారు. దీనికి కారణాలు తరువాతి యాత్రలలో ఒక్కొక్కటిగా తెలిశాయి.

కాళ్ళలో ఉండవలసిన ద్రవాలు ఛాతీకి, తలకు ఎక్కుతాయి. ముఖం ఉబ్బుతుంది, పిక్కలు సన్నబడతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి రక్తంలోని ద్రవాన్ని తగ్గించుకుంటుంది. అందుకే నేలకు దిగి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. బరువు మోసే పని లేక తుంటి, వెన్నెముకల ఎముక నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం తరుగుతుంది. ముట్లుడిగిన స్త్రీలకు ఏడాదిలో తగ్గేంత ఎముక అక్కడ నెలలో తగ్గుతుందన్న మాట. ఆ కాల్షియం మూత్రంలోకి చేరి రాళ్ళు కట్టే ప్రమాదం తెస్తుంది. వాడని కండరం కరుగుతుంది.

వైద్యులే స్వయంగా పైకి వెళ్ళి ఈ మార్పులను గమనించారు. 1964లో బోరిస్ యెగొరోవ్ మొదటి వైద్యుడు. హృద్రోగ నిపుణుడు ఒలెగ్ అత్కోవ్ 1984లో సల్యూత్-7లో 237 రోజులున్నాడు. ఆ ఏప్రిల్‌లోనే అక్కడికి అతిథిగా వెళ్ళినవాడు రాకేశ్ శర్మ. హైదరాబాదులో చదువుకున్న ఆయన అక్కడ యోగాసనాలు వేసి, బరువు లేని స్థితిని తట్టుకోవడంలో వాటి ఉపయోగాన్ని పరీక్షించాడు. 1994 జనవరి నుంచి 1995 మార్చి వరకు మీర్ కేంద్రంలో 437 రోజులు గడిపిన వలేరీ పొల్యకోవ్ కూడా వైద్యుడే. దిగిన తరువాత, మోసుకుపోనివ్వక, పక్కనే ఉన్న కుర్చీ దాకా తానే నడిచాడు. పద్దెనిమిది రోజులకే నిలబడలేని మనిషి, 437 రోజుల తరువాత నడవగలిగిన మనిషి. ఈ ఇద్దరి మధ్య ప్రధానమైన తేడా రోజూ క్రమం తప్పని వ్యాయామం.

అయినా అన్నిటికీ వ్యాయామం మందు కాదు. దీర్ఘకాలం ఉన్న కొందరికి నేత్రనాడి చివర వాచి, చూపు మారుతుందని 2011 ప్రాంతంలో గుర్తించారు. అంతర్జాతీయ రోదసి కేంద్రంలో ఒకరికి మెడ సిరలో రక్తం గడ్డకట్టగా, అక్కడున్న కొద్దిపాటి ఇంజెక్షన్లను పొదుపుగా వాడుతూ భూమి మీది వైద్యులు చికిత్స నడిపిన వైనం 2020లో ప్రచురితమైంది. 1985లో సల్యూత్-7లో నాయకుడు వస్యూతిన్ జబ్బుపడడంతో యాత్రనే కుదించి దిగవలసి వచ్చింది. రేడియేషన్ మరొక శత్రువు. ఆరు నెలలలో వ్యోమగామికి తగిలేది సుమారు 80 నుంచి 160 మిల్లీసీవర్టులు. ఒక ఛాతీ సీటీ స్కాన్‌కు సుమారు 7. 1972 ఆగస్టులో సూర్యుని నుంచి మహా ఉద్ధృతమైన కణాల తుఫాను వచ్చింది. ఏప్రిల్‌లో అపోలో-16 తిరిగి వచ్చింది, డిసెంబరులో అపోలో-17 వెళ్ళింది. నడుమ ఎవరూ లేకపోవడం మన అదృష్టం.

జమ వైపు ఏమున్నది?

ముందు కొన్ని అపోహలు తొలగించుకోవాలి. టెఫ్లాన్, వెల్క్రో, టాంగ్ పానీయం రోదసి యాత్రల కోసం కనిపెట్టినవి కావు. అంతకు ముందే ఉన్నాయి. నిజమైన లాభాలు వేరు. వ్యోమగాములకు కలుషితం కాని ఆహారం అందించడానికి 1960లలో రూపొందించిన పద్ధతి, తయారీలో ప్రతి కీలక దశనూ ముందుగానే తనిఖీ చేయడం, నేడు ప్రపంచమంతటా ఆహార పరిశ్రమకు ప్రమాణం. 1970లలో అమెరికా ఆరిజోనాలోని ఆదివాసీ గ్రామాలకు రోదసి సాంకేతికతతో దూరవైద్యాన్ని అందించి చూశారు. నేటి టెలీమెడిసిన్‌కు అది ఒక తొలి మెట్టు. రోదసిలో వాడిన యంత్రహస్తాన్ని తయారుచేసిన కెనడా ఇంజనీర్ల అనుభవంతో నిర్మించిన రోబో 2008లో కాల్గరీలో మెదడు కణితి శస్త్రచికిత్సలో తోడ్పడింది.

అయితే నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పాఠానికి ఏ యంత్రమూ అక్కరలేదు. బరువు లేని స్థితిని భూమి మీద అనుకరించడానికి శాస్త్రవేత్తలు ఎన్నుకున్న సాధనం మంచం. ఆరోగ్యవంతులైన యువకులను వారాల తరబడి లేవనీయక పడుకోబెడితే వారి శరీరం వ్యోమగామి శరీరంలాగే క్షీణిస్తుంది. 1966లో డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ యువకులు ఐదుగురిని మూడు వారాలు పడకలో ఉంచారు. శ్రమించేటప్పుడు ఆక్సిజన్‌ను వాడుకోగల వారి సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు తగ్గించినదానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. జ్వరం వచ్చి తగ్గిన పెద్దాయనను, తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన పెద్దావిడను మనం ఏం చేస్తున్నాము? ‘కదలవద్దు, అన్నీ మంచం దగ్గరకే తెస్తాము’ అంటాము. ప్రేమతోనే అంటాము. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన ఏళ్ళలో, జబ్బు కంటే ఈ విశ్రాంతి వల్లనే ఎక్కువ నష్టపోయిన వృద్ధులను నేను అనేకమందిని చూశాను. న్యుమోనియా తగ్గింది, కాని మనిషి మళ్ళీ నడవలేదు. ఇరవై ఏళ్ళ యువకుడు పోగొట్టుకున్న శక్తిని శిక్షణతో తిరిగి సంపాదించుకోగలడు. డెబ్బై అయిదేళ్ళ మనిషికి అది ఎంతో కష్టం.

కాబట్టి ఈ విషయాలు గుర్తుంచుకోండి:

• వైద్యుడు ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, వృద్ధులను పగటిపూట మంచంలో ఉంచకండి. కుర్చీలో కూర్చోబెట్టండి. భోజనం కూర్చునే చేయనివ్వండి.

• ఆపరేషన్ తరువాత ‘ఎప్పుడు నిలబడవచ్చు, ఎప్పుడు నడవవచ్చు’ అని మీరే వైద్యుణ్ణి అడగండి.

• చాలా రోజులు పడుకున్నవారిని ఒక్కసారిగా నిలబెట్టకండి. ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, తరువాత పట్టుకుని లేపండి.

• ఆరోగ్యంగా ఉన్న పెద్దలు రోజూ నడవండి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం తొడ కండరాలకు మంచి వ్యాయామం. గుండె జబ్బు, కీళ్ళ బాధ ఉన్నవారు ముందు తమ వైద్యుని సలహా తీసుకోవాలి.

ముందున్న ప్రశ్న

మన శ్రీహరికోట నుంచే భారతీయ వ్యోమగాములను పంపడానికి గగన్‌యాన్ సన్నాహాలు సాగుతున్నాయి. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రంలో కొన్ని రోజులు గడిపి, కండరాలు, విత్తనాల మొలకలపై భారతీయ ప్రయోగాలు చేసి వచ్చాడు. ఇతర దేశాలు అంగారక గ్రహం గురించి మాట్లాడుతున్నాయి. అక్కడికి వెళ్ళి రావడానికి సుమారు మూడేళ్ళు పడుతుంది. ఒక మాట చేరడానికే ఇరవై నిమిషాలకు పైగా పట్టవచ్చు. వస్యూతిన్‌లాగా మధ్యలో దిగి రావడానికి, గడ్డకట్టిన రక్తానికి మందు పంపడానికి అక్కడ వీలుండదు.

వెళ్ళరాదని నేను అనను. సముద్రం దాటవద్దని చెప్పిన పెద్దల మాట విని ఉంటే మన పిల్లలు నేడున్న చోట ఉండేవారు కారు. కాని వెళ్ళేవారికి అపాయాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తొందర పెట్టే రాజకీయ నాయకుని మాట కంటే, ఆగమనే వైద్యుని మాటకు విలువ ఉండాలి. సోయుజ్-11లో ముగ్గురు వ్యోమగాములకు దుస్తులు కరవైనది శాస్త్రం తెలియక కాదు, పోటీ తొందర వల్ల. వారు కట్టిన వెల నుంచి వచ్చిన జ్ఞానంలో మన వంతు మనకు అందింది. దాన్ని మన ఇంటిలోని మంచం దగ్గరైనా వాడుకోకపోతే ఆ బాకీ తీరదు.